గడపలో నిలబడి అడగాల్సిన మాట

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, ఇంకొకరి ఇల్లు కొని చూడమని మన పెద్దలెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ముందే కాస్త భయపడేదాన్ని. జీతంలో మిగుల్చుకున్నది ఆస్తిలో పెట్టి, దాని మీద వచ్చే కిరాయితో పిల్లల్ని చదివించుకోవాలని నేను కొన్న మొదటి ఇల్లు దబీర్‌పురాలో, రైలు స్టేషన్ వెనకాల గల్లీలో ఉండేది. డెబ్బైల మొదట్లో మాట. రెండు గదులు, ఒక వంటిల్లు, సగం వాకిలి, సగం బావి. మిగతా సగం వాకిలీ, సగం బావీ పక్కింటివాళ్ళవి. ఆ పక్కింటివాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది అఫ్జల్‌గంజ్‌లో, అన్నీ కిరాయి ఇళ్ళల్లోనే. మా బాపు గోదాముల్లో హమాలీ. ఇంటి ఓనరుకు కోపం వచ్చినా, బాపుకు పని దొరక్కపోయినా మా సామాను తోపుడు బండి ఎక్కేది. అమ్మ రోలును అన్నిటికన్నా చివర ఎక్కించి, కొత్త ఇంట్లో అన్నిటికన్నా ముందు దించేది. నాకు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చి, రైల్వేలో ఫిట్టర్‌తో పెళ్ళయ్యాక కూడా ఆ బండి చప్పుడు చెవుల్లోంచి పోలేదు. కిరాయి కట్టేవాళ్ళలోంచి తీసుకునేవాళ్ళలోకి ఒక్కసారైనా మారాలని నా పట్టుదల. ఆ పట్టుదలతో మా ఆయన చెవినిల్లు కట్టుకుని పోరాను.

ఆయన మనసు భూమి మీద ఉండేది. చాంద్రాయణగుట్ట దగ్గర ప్లాట్లు చవగ్గా ఉన్నాయని తోటివాళ్ళు చెబితే ఒక ఆదివారం బస్సెక్కి పోయి చూశాం. రాళ్ళు, తుమ్మ చెట్లు, మేకలు. అమ్మేవాడు కర్రతో గాలిలో గీతలు గీసి ఇదే మీ హద్దు అన్నాడు. ఈ రాళ్ళు నెలనెలా కిరాయి కడతాయా అని నేను మా ఆయన్ను అక్కడే నిలదీశాను. కొత్తగా ఆస్తి కొనేవాళ్ళ తెలివి అంతవరకే ఉంటుంది. నెల తిరిగేసరికి చేతిలో ఏదో పడాలి, లేకపోతే డబ్బు నీళ్ళలో పోసినట్టే అనుకుంటారు. ఆ రాళ్ళ ధర తర్వాత ఎంత పైకి పోయిందో గుర్తుచేసి ఆయన నన్ను జన్మంతా ఏడిపించాడు.

దబీర్‌పురా ఇంటిని చూపించింది ఒక దలాలు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చాయ్ హోటలే ఆయన ఆఫీసు, చంకలో గొడుగే ఆయన సామాను. గల్లీలోంచి ఒకటే తలుపు, ఆ తలుపులోంచి కప్పున్న సన్నటి దారి, దారి చివర వాకిలి, వాకిలి నడుమ బావి, బావికి ఇటొక ఇల్లు అటొక ఇల్లు. వెనకట ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్న ఇల్లట అది. అన్న చనిపోతే ఆయన కొడుకు తన సగం అమ్మి ఎక్కడో దుకాణం పెట్టుకునే తొందరలో ఉన్నాడు. తమ్ముడు మాత్రం రెండో సగంలో ఇంకా ఉంటున్నాడు. రిజిస్ట్రీ అయ్యేదాకా పక్కింట్లో ఒక్క ముక్క చెప్పొద్దనీ, నజర్ తగులుతుందనీ దలాలు హెచ్చరించాడు. పని అయ్యేదాకా నోరు విప్పొద్దని మా అమ్మ కూడా అనేది గనక నాకు అందులో తేడా ఏమీ కనిపించలేదు. ఆ హెచ్చరిక దిష్టి కోసం కాదని తర్వాత తెలిసింది.

రిజిస్ట్రీ అయిన సాయంత్రమే మిఠాయి పెట్టె పట్టుకుని ఇద్దరం పక్కింటికి వెళ్ళాం. కొత్తగా ఆస్తి కొన్నదాన్ని, పక్కవాళ్ళ నోరు తీపి చేయడం నా పద్ధతి. పక్కింటాయన రఫూగర్. షేర్వానీ చిరిగినా, పట్టుచీర ఎలుక కొట్టినా అదే గుడ్డలోంచి పోగులు లాగి, చిరుగు ఎక్కడుందో తెలియకుండా అల్లేవాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం, ముక్కు చివర కళ్ళద్దాలు. అప్పుడు కూడా ఒళ్ళో ఒక శాలువా పెట్టుకుని సూదితో ఉన్నాడు. మేం గడపలో నిలబడే, చాచా, మీ అన్న కొడుకు సగం మేము తీసుకున్నాం అని చెప్పాం.

ఆయన చేతిలో సూది ఆగింది. ఆయన లోపలి తలుపుకు కట్టిన పరదా వైపు చూశాడు. పరదా వెనక గాజులు చప్పుడై ఆగిపోయాయి. ఆయన నోరు తెరిచాడు. ఏదో అంటాడని నేను చూస్తున్నాను. మా ఆయన చేతిలో మిఠాయి పెట్టె, నా తలలో పూలు, ఇద్దరి మొహాల మీదా నవ్వు ఆయన చూశాడు. లేచి మాకోసం చాప మీద తెల్ల దుప్పటి పరిచాడు. కూర్చోమన్నాడు. లోపల్నుంచి గులాబీ షర్బత్ వచ్చింది. అది తాగుతుంటే మా ఊరేది, పిల్లలెందరు అని అన్నీ అడిగి, ఇల్లు మంచిదనీ, ఎండాకాలంలో కూడా బావి ఎండదనీ చెప్పి, ముబారక్ అన్నాడు. ఎంత మంచి పొరుగు దొరికిందో అని దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాం.

రెండు మూడు రోజులకు తాళం తీసి గదులు కడుగుతుంటే ఆయన భార్య, చాచీ, నన్ను లోపలికి పిలిచింది. ఆమె గోషా పాటించే మనిషి. పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి బయటికి వెళ్ళడమంటే, బుర్ఖా వేసుకుని రిక్షాకు నాలుగు వైపులా చీర కట్టించి, పండక్కో చావుకో మాత్రమే. మిగతా బతుకంతా ఆ వాకిట్లోనే గడిచింది. ఎండలో తల ఆరబెట్టుకోవడం, మిరపకాయలు ఎండబెట్టడం, బావి గట్టు మీద కూర్చుని రైళ్ళ కూతలు వినడం, రాత్రి మంచం వేసుకుని చుక్కలు చూడటం, అన్నీ అక్కడే. అటు సగంలో ఉన్నది తన తోటికోడలు, ఆమె పిల్లలే గనక ఆమెకు అడ్డు లేదు.

చాచీ కోపంగా లేదు, అదే నాకు విచిత్రంగా అనిపించింది. ఒకే దారి, ఒకే బావి ఉన్న ఇళ్ళల్లో ఒక సగం అమ్ముడుపోతే రెండో సగంవాళ్ళకు ఒక హక్కు ఉంటుందట. షుఫా అంటారట దాన్ని. కొన్నవాళ్ళు ఇచ్చిన ధరే ఇచ్చి ఆ సగం తామే తీసుకోవచ్చు. కాకపోతే ఒక షరతు ఉంది. అమ్మకం సంగతి చెవిన పడిన క్షణంలోనే, ఉన్నవాడు ఉన్నచోటే, నా హక్కు అడుగుతున్నాను అని నోటితో అనాలి. ఆలోచించుకుని రేపు అంటే చెల్లదు. ఈ రోజు వస్తుందని తెలిసి ఆమె తన బంగారు గాజులు గుడ్డలో కట్టి బియ్యం డబ్బాలో దాచి ఉంచింది. కొడుకులాంటివాడు గనక ఆ అన్న కొడుకు తమకే ఇస్తాడని ఆశపడ్డారు గాని, వాడు ఏదో పాత పట్టింపుతో చెప్పకుండా అమ్మేశాడు.

"మీరు గడపల నిలబడి చెప్పిన్రు. ఆయన గప్పుడే అనాలె" అంది చాచీ. "మిమ్మల్ని కూసోబెట్టిండు, షర్బత్ ఇయ్యమన్నడు. నేనే కలిపిన. కలుపుకుంట, ఇప్పుడన్న అంటడేమో అని విన్న. అన్లే."

నేను చీపురు అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తాను. ఆ రాత్రి మా ఆయనకు అంతా చెప్పాను. కొన్న ధరకే వాళ్ళకు ఇచ్చేద్దామని ఇద్దరమూ అనుకున్నాం. నా మొదటి ఆస్తి, పోతే పోయింది, ఇంకోటి చూసుకోవచ్చు. పొద్దున్నే వెళ్ళి చాచాతో ఆ మాటే చెప్పాం.

ఆయన ఒప్పుకోలేదు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. గల్లీలో ఉండే ఒక వకీలు గుమాస్తా కూడా అప్పటికే ఆయనకు సలహా చెప్పి ఉన్నాడట, వినగానే అడిగానని కోర్టులో ఒక్క మాట అను, ఎవడు చూడొచ్చాడు అని. మేం కూడా మీరు అడిగారనే చెబుతాం చాచా అన్నాను. ఆయన శాలువా మీంచి తల ఎత్తాడు.

"నేను అన్లే గద బిడ్డా" అన్నాడు. "హక్కుంటే అడుగుత. మీరు దయ చేస్తే తీసుకునుడేంది? గా పొద్దుకు హక్కు పోయింది."

నాకు ఒళ్ళు మండింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మీరు అడగనూ అడగరు, పెడితే తీసుకోనూ తీసుకోరు అని ఆయన మొహం మీదే అనేశాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఒకటుంది, దాన్ని కాగితం మీద పెట్టడం బాగుండదు గాని ఆ క్షణాన నా నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆయన మోచేత్తో పొడిచి నన్ను బయటికి లాక్కొచ్చాడు. ఇప్పుడు తలుచుకున్నా ఆ మనిషి మర్యాద మీద నాకు కోపమే. తన మర్యాదకు ఖరీదు పరదా వెనక ఉన్న మనిషి కట్టుకోవాల్సి వస్తుందని ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసీ గడపలో నవ్వుతూ నిలబడ్డ ఇద్దరికి ఎదురుగా నా ఇల్లు నాకివ్వండి అనలేకపోయాడు.

ఇక నాకు చేతనైంది ఒకటే, కిరాయికి ఆడవాళ్ళనే పెట్టడం. ముందు దొరికింది ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే ఒక వితంతువు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా మనసు చల్లబడుతుంది. నేను కిరాయి కోసం వెళితే ఆ పిల్లలు చాచీ చుట్టూ కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తుండేవాళ్ళు. చాచీ నాకు ఎండలో పీట వేసేది. ఎక్స్ఛేంజిలో ఎవరెవరి గొంతులు ఎలా ఉంటాయో నాతో చెప్పించుకుని పడిపడి నవ్వేది. ఊరి గొంతులన్నీ నా చెవిలో పడతాయంటే ఆమెకు అంతకన్నా గొప్ప ఉద్యోగం లోకంలో లేదు.

తర్వాత ఆ ఆయాకు ఆస్పత్రి క్వార్టర్ దొరికింది. ఆమె వెళ్ళిపోయాక మళ్ళీ అలాంటివాళ్ళు దొరకలేదు. మగదిక్కు లేని సంసారం, కిరాయి కట్టగలిగిన సంసారం రెండూ ఒకచోట దొరకడం ఆ ఊళ్ళో అంత తేలిక కాదు. ఇంటికి తాళం పడి నెలలు గడిచాయి. ఇల్లు కొనడానికి సొసైటీలో తీసుకున్న అప్పు మాత్రం నా జీతంలోంచి ఆగకుండా పోతూనే ఉంది. అదే సమయంలో మా అత్తగారి కంటి ఆపరేషన్ వచ్చింది. మా ఆయన నన్ను ఏనాడూ గట్టిగా అనలేదు, నువ్వు కొన్నది ఇల్లా, ఆడోళ్ళ హాస్టలా అని మాత్రం ఒకరోజు నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వులో అలసట నాకు తెలిసింది.

చివరికి బస్సు డిపోలో పనిచేసే అన్నదమ్ములు తల్లితో కలిసి దిగారు. మంచివాళ్ళు. వాకిట్లోకి వచ్చే ముందు దగ్గేవాళ్ళు. వాళ్ళంతట వాళ్ళే గోనెపట్టాలు కుట్టి అడ్డంగా కట్టారు. ఏ పూట ఎవరు బావి దగ్గరికి రావాలో నేను అందరితో మాట్లాడి కుదిర్చాను. ఇవన్నీ చేశాక కూడా చాచీ గది దాటి రాలేదు. డిపో పని ఏ వేళకు మొదలయ్యేదో, ఏ వేళకు ముగిసేదో ఎవరికి తెలుసు? దగ్గు వినిపిస్తే లేచి లోపలికి పరుగెత్తడానికి ఆమె మోకాళ్ళు సహకరించేవి కావు.

గోడ కట్టుకుంటామని అడగడానికి చాచానే మా ఇంటికి వచ్చాడు. ఖర్చు తనదేనన్నాడు, నా అనుమతి మాత్రం కావాలన్నాడు. వాకిలి నడుమ ఆ గోడ లేచింది. పాత ఇళ్ళల్లో పంచుకున్న బావులకు చేసినట్టే, బావి మీద కమాను కట్టి దాని మీదుగా గోడ తీసుకుపోయారు. ఇటొక గిరక, అటొక గిరక, కింద నీళ్ళు మాత్రం ఒక్కటే. గోడ ఎత్తుగా కట్టారు. ఎవరూ చూడకుండా ఉండాలంటే అంత ఎత్తు కావాలి మరి. చలికాలం వచ్చాక గాని ఆ ఎత్తు సంగతి నాకు తట్టలేదు. ఎండంతా మా వైపే పడేది, చాచీ వైపు సందులో పొద్దంతా నీడే.

నెల మొదట్లో నేను కిరాయికి వెళ్ళి బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, కమాను కిందుగా ఆమె గొంతు వచ్చేది.

"వచ్చినవా బిడ్డా? ఇయ్యాల ఎండ ఉందా?"

ఉందని చెప్పాలంటే నాకు నోరు రాకపోయేది. మబ్బుగానే ఉంది చాచీ అని అబద్ధం చెప్పేదాన్ని. ఆమెకు తెలుసనే అనుకుంటాను. సరే అనేది. తర్వాత ఆమె చేద నీళ్ళలో పడే చప్పుడు వినిపించేది. గోడకు ఇటు నిలబడి ఆ చప్పుడు వింటూ, చేతిలో కిరాయి నోట్లు పట్టుకుని, ఈ డబ్బు కోసమేనా నేను అంత పోరాను అని ఏడుపు వచ్చేది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆ నోట్లు తీసుకునే ఇంటికి వచ్చేదాన్ని. పిల్లల ఫీజులు ఆ డబ్బుతోనే కట్టాను.

ఒక వానాకాలం ఆమె మంచం పట్టింది. మళ్ళీ లేవలేదు. నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు ఆమె చుట్టూ కూర్చుని ఉన్నారు. మిట్టమధ్యాహ్నం ఆ గదిలో దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. చాచా బయట అరుగు మీద మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, కూర్చోమన్నట్టు పక్కకు జరిగాడు. భార్య శవం ఇంట్లో ఉండగా కూడా వచ్చినవాళ్ళను నిలబెట్టకూడదన్నదే ఆయనకు గుర్తుంది. నాకు ఆ క్షణాన ఆయన్ను కొట్టాలనిపించింది, ఆయన్ను పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది.

ఎనభైలు సగం గడిచేసరికి మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మేమింకా కిరాయి ఇంట్లోనే ఉన్నాం. దబీర్‌పురా ఇల్లు అమ్మి, చాంద్రాయణగుట్ట దగ్గర చిన్న ప్లాటు తీసుకుని ఇల్లు కట్టుకుందామని మా ఆయన అన్నాడు. మేకలు తిరిగిన చోట అప్పటికే వరసగా ఇళ్ళు లేచాయి. పాత దలాలు పోయాడు, అతని కొడుకు అదే హోటల్లో కూర్చుంటున్నాడు. బేరం తెచ్చి, తండ్రి చెప్పిన మాటే చెప్పాడు, పక్కింటి ముసలాయనకు ఇప్పుడే చెప్పొద్దని. మీ నాయన మాట విని ఒకసారి చెప్పకుండా ఊరుకున్నది చాలు అని వాడి మీద అరిచి, మర్నాడు పొద్దున్నే నేనొక్కదాన్నే దబీర్‌పురా వెళ్ళాను.

చాచా తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గినా పని మానలేదు. చేతిలో ఏదో నల్ల గుడ్డ. నన్ను గొంతుతో గుర్తుపట్టి, అలవాటుగా చాప వైపు చెయ్యి చూపించాడు. నేను కూర్చోలేదు. గడపలోనే నిలబడి, మంచినీళ్ళు కూడా వద్దని చెప్పి, ఇల్లు అమ్ముతున్నాను చాచా, అందరికన్నా ముందు మీకే చెబుతున్నాను అన్నాను.

ఆయన సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు. గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్ళు నిటారు కావడానికి కొంచెం సేపు పట్టింది గాని, మాటకు మాత్రం సేపు పట్టలేదు. లేస్తూనే అన్నాడు.

"ఈ ఇంటి మీద షుఫా హక్కు నాది. నేను అడుగుతున్న."

ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అన్నాక తల తిప్పి లోపలి తలుపు వైపు చూశాడు. పాత పరదా ఇంకా అలాగే వేలాడుతోంది.

"విన్నవా" అన్నాడు, ఈసారి మెల్లగా.

ఇల్లు మీకే ఇస్తాను చాచా, ధర సంగతి తర్వాత చూసుకుందాం అని నేను గబగబా ఏదో అనబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"పైసలేడున్నయ్ బిడ్డా. ఉన్నా నాకొక్కనికి గింత ఇల్లెందుకు? దానికి వినిపియ్యాల్ననుకున్న, గంతే. ఇగ కూసో."

కూర్చున్నాను. ఆయన గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళాడు. గ్లాసులో చెంచా తిరిగే చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆయన కలిపిన షర్బత్‌లో చక్కెర సరిగా కరగలేదు. అడుగుదాకా తాగి, గ్లాసు నేనే కడిగి బోర్లించి వచ్చాను.